మందులు అమ్మని ల్యాబుకి రైతులు ఎట్టా వస్తారు: మా రెఫరల్ ప్రాజెక్టు డైరీ

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే రోడ్డు మీద నాదొక చిన్న ల్యాబు. రొయ్యల గుంటల నీళ్ళు, మట్టి, సీడ్ (గుంటలో వేసే రొయ్య పిల్లలు) టెస్టులు చేస్తా. మెషిన్లు బానే ఉన్నాయి, జబ్బుల్ని కనిపెట్టే పీసీఆర్ కూడా ఉంది, దాని మీద బ్యాంకు లోనూ ఉంది. లేందల్లా కొత్త రైతులు. ఉన్నోళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తన్నారు, వాళ్ళు లీజు వదిలేసి వేరే పని చూసుకుంటే నా గిరాకీ కూడా వాళ్ళతో పాటే పోద్ది. అందుకని ఈ వేసవి పంటలో ఒక్క పని మీదే కూర్చుందామనుకున్నా: ఎవరో ఒకరు చెప్పగా వచ్చే రైతుల్ని పెంచుకోవడం. యాడ్సు కాదు, ఫ్లెక్సీలు కాదు, మనిషి చెప్తే మనిషి రావాల. చేసింది చేసినట్టు ఈడ రాస్తన్నా, నాలాగా చిన్న ల్యాబో వర్క్‌షాపో పెట్టుకోనున్నోళ్ళకి పనికొస్తే వాడుకోండి.

సంక్రాంతి అయిపోయాక

ముందు పాత బిల్లు బుక్కులు తీసి, ప్రతి రైతు పేరు పక్కన ‘ఎవరు చెప్తే వచ్చాడు’ అని ఒక గడి గీశా. గుర్తున్నకాడికి రాశా, గుర్తులేనోళ్ళకి ఫోన్ చేసి అడిగా, కొందరు నవ్వారు కూడా, ఏంది సామీ ఇప్పుడు ఇదంతా, జనాభా లెక్కలా అని. చూస్తే బంధువులు, కాలేజీ ఫ్రెండ్సు, సాయంత్రం టీ అంగడి కాడ కూర్చునే మా బ్యాచ్, వీళ్ళ వల్ల వచ్చినోళ్ళు ఏమంత లేరు. ఎక్కువ మందిని పంపింది ఎవరంటే గుంట నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్ మోటార్లకి వైండింగ్ చేసే అన్న, పట్టుబడికి (గుంటలో రొయ్యలు పట్టి అమ్మే రోజు) ఐసు తోలే ఆటో అతను, ఒక గుంట మీద నుంచి ఇంకో గుంట మీదకి పనికి మారిన కాపలా మనిషి. ఈ కాపలా మనిషి పేరు కూడా నాకు సరిగ్గా తెలీదు, మా ల్యాబుకి శాంపిల్ బాటిల్ తెచ్చిచ్చి పోయేవాడు అంతే.

ఈ సంగతి కొత్తదేం కాదంట. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు 1973లోనే దీని మీద పేపర్ రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్ళో, తెలిసినోళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినోళ్ళని అడిగాడు, ఆ చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవాళ్ళని. తరచూ కలిసేవాళ్ళం అన్నది 17 శాతం కూడా లేరు, అప్పుడప్పుడూ అన్నది 55 శాతం పైన, ఎప్పుడో గాని కలవం అన్నది దాదాపు 28 శాతం. దగ్గరోళ్ళకి తెలిసిన మనుషులే మనకీ తెలిసుంటారు, అంతగా పరిచయం లేనోడే మన పేరుని మనం పోని చోటికి తీసకపోతాడు, ఆయన చెప్పేది అది.

మా పనిలో దీనికి ఇంకో మెలిక ఉంది. మాకు పదిమందిలో మెచ్చుకునేవాడు ఉండడు. హోటల్ బాగుంటే గూగుల్లో రివ్యూ పెడతారు, కంటి డాక్టర్ బాగుంటే ఊరంతా చెప్తారు. ‘మా గుంటలో ఈహెచ్‌పీ ఉందని ఈయన భలే కనిపెట్టాడు’ అని (ఈహెచ్‌పీ అంటే రొయ్యల్ని పెరగనియ్యని జబ్బు) ఏ రైతన్నా రివ్యూ రాస్తాడా? రాస్తే ఆ సాయంత్రానికే బ్రోకర్ కేజీకి రేటు తగ్గించి మాట్లాడతాడు, సరుకు అర్జెంటుగా పట్టక తప్పదని వాడికి తెలిసిపోద్ది కాబట్టి. అందుకే మా పేరు చెవిలో మాటగానే పోవాల. ఆ మాట మోసేవాడు అన్ని గుంటల మీదా తిరిగేవాడై ఉండాల, వాడికి సొంతంగా గుంట ఉండకూడదు, మందుల అంగడీ ఉండకూడదు. మోటార్ల అన్న, ఐసు అతను, వలలు లాగే బ్యాచ్. ఇంక ప్రాజెక్టంతా వీళ్ళ చుట్టూనే అని ఫిక్సయిపోయా.

ఫిబ్రవరి మొదట్లో

పర్సనల్ బ్రాండింగ్ అని యూట్యూబ్‌లో ఎవర్ని చూసినా కోటు, లోగో, మైకు. నాకు కావాల్సింది ఒకటే, మోటార్ల అన్న నా గురించి ఒక్క ముక్కలో చెప్పగలగాల. అతను స్టార్టర్ బాక్స్ కాడ చెయ్యి తుడుచుకుంటా చెప్పే ముక్క. ‘బాగా చేస్తాడు’ అంటే చాలదు, అందరూ బాగానే చేస్తారు. నాకూ మిగతావాళ్ళకీ ఉన్న తేడా ఒకటే కనపడింది: నేను మందులు అమ్మను.

మా వైపు తెలీనోళ్ళ కోసం చెప్తన్నా. చాలా ఫీడు అంగళ్ళలో ల్యాబు కూడా ఉంటది, టెస్టు ఫ్రీ. రిపోర్టుతో పాటు ఒక చీటీ వస్తది, మినరల్సు, జియోలైటు, ప్రోబయాటిక్సు, గట్ పౌడరు అని. ఫీడు పట్టుబడి దాకా అప్పు, మందులూ అదే ఖాతాలో. అది మోసమని నేననను, డీలరు అప్పియ్యకపోతే మా దగ్గర చాలా గుంటల్లో నీళ్ళు పెట్టేవాళ్ళే ఉండరు, ఆ రిస్కు వాళ్ళు మోస్తన్నారు. కాకపోతే మందు అమ్మేవాడే జబ్బు చెప్తే రైతుకి లోపల ఎక్కడో అనుమానం ఉంటది, ఇది నిజంగా కావాల్నా వద్దా అని. ఆ అనుమానం ఉన్నోడే నా దగ్గరికి రావాల.

బోర్డు మార్పించా. ‘నీళ్ళు, మట్టి, సీడ్ పరీక్షలు. మందులు అమ్మబడవు.’ రెండో ముక్క పెద్దక్షరాల్లో. బోర్డు రాసే అతను రెండు సార్లు అడిగాడు, ‘ఏంనా, అంగడి బోర్డు మీద అమ్మబడవు అని ఎవురన్నా రాస్తారా, గిరాకీ పోదా?’ అని. నవ్వి రాయమన్నా. బోర్డు ఎక్కినాక ఒక మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ వచ్చి, బోర్డు అట్టనే ఉంచండి సార్, లోపల మాత్రం చిన్న ర్యాక్ పెడదాం అన్నాడు. టీ తాగించి పంపించా.

దీనికి ఖర్చుంది, అది కూడా రాయాల. మందుల మీద మార్జిన్ లేదు కాబట్టి టెస్టుకి డబ్బులు అప్పటికప్పుడు తీసుకోక తప్పదు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి పోయి రేట్లు పడిపోయినప్పట్నుంచి రైతు ప్రతి రూపాయికీ లెక్క చూస్తన్నాడు. ఫ్రీగా చేసేవాళ్ళు ఉండగా నీకెందుకియ్యాల అని మొహానే అడిగినోళ్ళు ఉన్నారు. అక్కర్లేని మందు ఒక్కటి ఆగినా నా ఫీజు వచ్చేసినట్టే కదా అని చెప్తా. వింటే వింటారు, లేకపోతే పోతారు.

ఫిబ్రవరి చివర, మోటార్ల అంగడి

విజిటింగ్ కార్డులు అన్న కౌంటర్ మీద పెట్టి చూశా. ఆయిల్ చేతుల్తో పట్టుకోని, గ్రీజు తుడుచుకోని పారేశారు. సరే కార్డు కాదు, గుంట మీద ఉండిపోయే వస్తువు ఏదన్నా కావాల అనుకోని ఒక చార్ట్ చేశా, ఒక్క పేజీ, లామినేషన్ చేయించి మూలకి తాడు కట్టి. అందులో మనోడి ఫొటో లేదు, లోగో లేదు, గుంట మీద పడుకునే మనిషికి కావాల్సింది మాత్రమే ఉంది:

తెల్లారుజామున 3 నుంచి 5 లోపల డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) చూడు, అప్పుడే అన్నిటికంటే తక్కువ ఉంటది, రాత్రంతా నీళ్ళలో పాచి కూడా ఆక్సిజన్ పీలుస్తది కాబట్టి. 4 పీపీఎం కంటే దిగితే ఏరేటర్లన్నీ వెయ్యి, ఓనర్‌కి ఫోన్ కొట్టు. పీహెచ్ పొద్దున ఒకసారి, మధ్యాన్నం మూడింటప్పుడు ఒకసారి చూడు, రెండిటికీ తేడా 0.5 దాటితే పాచి ఎక్కువైందేమో చూడాల. పీహెచ్ ఎక్కువున్నప్పుడు అమ్మోనియా ఇంకా విషం. చెక్ ట్రేలో (మేత తింటన్నాయో లేదో చూసే పళ్ళెం) మేత మిగిల్తే రాసిపెట్టు. కింద చిన్నగా నా నంబరు, ‘పరీక్ష మాత్రమే, మందులు అమ్మబడవు’.

బాగుచేసిన మోటారు తిరిగి బిగించేటప్పుడు అన్న ఈ చార్ట్‌ని స్టార్టర్ బాక్స్‌కి తగిలిస్తాడు. రాత్రి పూట మోటారు వెయ్యడానికి వచ్చే ప్రతోడూ దాన్నే చూస్తాడు. పది గుంటల మీదకి చార్టులు పోయినాక ఫోన్లు మొదలైనాయి, ఓనర్లవి కాదు, కాపలా వాళ్ళవి. ‘అన్నా డీఓ 3.2 ఉండాది, ఏం జేసేది’ అని అర్ధరాత్రి దాటినాక. ఎత్తి చెప్పేవాణ్ణి. దానికి బిల్లు లేదు. మా ఇంట్లో మాత్రం తిట్లు పడ్డాయి.

అన్నకి ఒక్కో రైతుకి ఇంతని ఇస్తానని అడిగా. ఒప్పుకోలేదు. ‘నువ్వు నాకు డబ్బులిస్తే నా మాట కూడా మందులంగడి మాటే అయిపోద్ది అబ్బయా. ఎవురికన్నా ఏరేటర్ తేడా ఉంటే నా కాడికి పంపు, సరిపాయె’ అన్నాడు. నిజంగానే డీఓ తక్కువ వచ్చిన శాంపిల్స్‌లో కొన్నిటికి కారణం నీళ్ళు కాదు, ఏరేటర్ తిరగాల్సినంత తిరగకపోవడం, లేకపోతే రాత్రి వోల్టేజీ పడిపోవడం. ఇప్పుడు రిపోర్టులో ఒక లైన్ చేర్చా, ఏరేటర్ల సంఖ్య, తిరిగే గంటలు అడిగి రాస్తా, అనుమానముంటే మోటార్లు చూపించుకోండి అంటా. అన్న పేరు రాయను, అడిగితే చెప్తా. కమిషన్ కంటే ఈ పద్ధతే నయం, ఎవురికీ ఎవురి దగ్గరా నోరు కట్టేసుకునే పని లేదు.

మార్చి, టౌన్‌లో మీటింగ్

నెల్లూర్లో ఒక బిజినెస్ క్లబ్బు మీటింగ్‌కి గెస్టుగా పోయా, పొద్దున్నే టిఫిన్ మీటింగు. ఈ రకం క్లబ్బులకి బాగా పేరున్న మోడల్ బీఎన్ఐది, 1985లో కాలిఫోర్నియాలో ఐవాన్ మైస్నర్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఒక చాప్టర్‌లో ఒక వృత్తికి ఒక్కరే, వారం వారం కలవడం, నువ్వు ముందు ఇంకొకరికి పని చూపిస్తే నీకు పని వస్తది అనే లెక్క. నేను పోయింది కూడా ఇంచుమించు అదే పద్ధతి. ఇంటీరియర్స్, ఇన్సూరెన్స్, టైల్స్, ఈవెంట్స్ వాళ్ళ మధ్యలో రొయ్యల ల్యాబోణ్ణి నేనొక్కణ్ణే.

నిమిషం టైమిచ్చి పరిచయం చేసుకోమంటారు. మొదటిసారి పోయినప్పుడు టెస్టుల పేర్లన్నీ చెప్పా, మర్యాదగా చప్పట్లు కొట్టి ఇడ్లీ వైపు తిరిగారు. తర్వాతసారి టెస్టుల ఊసే ఎత్తలా. ‘మీకు తెలిసినోళ్ళలో రొయ్యల గుంటలో వాటా పెట్టి, గుంట మీదకి పోయి చూసుకునే టైము లేనోళ్ళు ఎవరన్నా ఉన్నారా? గుంటలో ఏం జరుగుతుందో వాళ్ళకి వారానికొకసారి కాగితం మీద చెప్పేవాణ్ణి నేను’ అన్నా. అంతే, సగం మంది తలకాయలు లేచాయి. నెల్లూరు కదా, ఆడిటర్లు, డాక్టర్లు, టీచర్లు, అమెరికాలో కొడుకున్న రిటైర్డ్ ఉద్యోగులు, ఎవరికో ఒకరికి అల్లూరు వైపో విడవలూరు వైపో ముత్తుకూరు వైపో ఒక వాటా ఉండే ఉంటది. పార్టనర్ ఫోన్లో ‘బాగుండాయి సార్, పెరగతా ఉండాయి’ అంటాడు, వీళ్ళు సరే అంటారు, పట్టుబడి రోజు 100 కౌంట్ తేలుతుంది, అంటే కేజీకి వంద రొయ్యలు, ఒక్కోటి పది గ్రాములే.

ఒక ఆడిటర్ గారి ద్వారా ఇట్టాంటి వాటాదార్లు రావడం మొదలైంది. ఈడ ఒక చిక్కు ఉంది. టౌన్‌లో ఉన్న ఓనర్‌కి నేను కాగితం పంపిస్తే, గుంట మీద ఎండలో నిలబడే పార్టనర్‌కి నేను గూఢచారి కింద లెక్క. ఆ పార్టనర్ నలుగురికి చెప్తే నా పని అయిపోయినట్టే, గుంటల మీద మాట ఇట్టే పాకిపోద్ది. కాబట్టి మొదటి రోజే షరతు పెట్టేశా: రిపోర్టు ఇద్దరికీ ఒకే నిమిషంలో, ఒకే వాట్సాప్ గ్రూపులో పోద్ది, ఎవరికీ ముందు ఫోన్ చెయ్యను, ఎవరి మీదా అభిప్రాయం రాయను, నంబర్లు, ఫొటోలు, అంతే. ఒప్పుకోని ఓనర్ని వద్దనుకున్నా. విచిత్రం ఏమంటే తర్వాత ఆ పార్టనర్లలోనే ఒకాయన ఇంకో గుంటకి నన్ను పిలిపించాడు, ఓనర్ తిట్టేటప్పుడు తన తప్పు లేదని చూపించుకోడానికి నా కాగితం పనికొచ్చిందంట.

లింక్డిన్ కూడా తెరిచా. ప్రాసెసింగ్ ప్లాంట్ల క్వాలిటీ వాళ్ళు, హేచరీ వాళ్ళు ఉంటారు ఆడ. మంచి పరిచయాలే గాని రైతులు అయితే రాలా. నెలకోసారి చూస్తే చాలు.

ఏప్రిల్, మే

వాట్సాప్ స్టేటస్ గురించి. పండగ శుభాకాంక్షలు నా ఫొటోతో పెట్టి చూశా, గుడ్ మార్నింగ్ సూక్తులు పెట్టి చూశా, బంధువులు దండం బొమ్మలు పంపించారు. అదే టీసీబీఎస్ ప్లేట్ (విబ్రియో అనే బ్యాక్టీరియాని పెంచి లెక్క చూసే ప్లేట్) ఫొటో పెట్టి, మన యాసలో ఒక వాయిస్ పెట్టా: ‘పచ్చ కాలనీలు కనపడంగానే గుండె జారిపోబాకండి, పసుపు కాలనీ చక్కెర తినే విబ్రియో, పచ్చది తినంది, పచ్చదాంట్లో ప్రమాదకరమైన రకాలుంటాయి నిజమే గాని ఎన్ని ఉన్నాయి, వారం వారం పెరగతన్నాయా లేదా చూడాల, ఒక్క ప్లేట్ చూసి బకెట్లకి బకెట్లు మందు పొయ్యబాకండి’. అది ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో నాకు తెలీదు, కోవూరు అవతల నుంచి కూడా ఎవరో ఫోన్ చేసి ‘ప్లేట్ల అన్న నువ్వేనా’ అన్నాడు. మొహం ఒక్కసారి కూడా చూపించలా, గొంతే బ్రాండ్ అయిపోయింది. ఇది నాకు నచ్చింది, వీడియోలో మొహం పెట్టాలంటే నాకు మొహమాటం.

రైతు రిపోర్టు గాని, గుంట ఫొటో గాని, ఊరి పేరు గాని ఎప్పుడూ పెట్టను. ప్లేట్ మీద రాసిన నంబరు కూడా తుడిచి తీస్తా. ముందు చెప్పా కదా, ఒక గుంటలో జబ్బుందని తెలిస్తే రేటు పోద్ది. ఒకసారి ఒక బ్రోకర్ మంచిగా మాట్లాడతా ఫలానా గుంట నీళ్ళు ఎట్టున్నాయి అని అడిగాడు, నీళ్ళు తడిగానే ఉన్నాయన్నా. ఆ సంగతి బ్రోకరే నవ్వుకుంటా నలుగురికి చెప్పాడు, దాంతో నాకు మేలే జరిగింది.

మే నెల్లో జరిగిందే ఈ ప్రాజెక్టు మొత్తానికి పెద్ద సంగతి. ఒక పెద్దాయన, టైగర్ రొయ్యల రోజుల నుంచి ఈ పనిలో ఉన్నోడు, 1994లో తెల్లమచ్చ వైరస్ జబ్బు వచ్చి గుంటలకి గుంటలు తెల్లారేసరికి పోయినప్పుడు పొలం అమ్ముకున్నోడు, 2009లో వనామీ రకం రొయ్యకి పర్మిషన్ వచ్చినాక మళ్ళీ దిగాడు. ఆయన గుంటలో మేత తింటన్నాయి, చావడం లేదు, పెరగడం లేదు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది. పీసీఆర్ చేస్తే ఈహెచ్‌పీ. దానికి మందు లేదు. ఆ ముక్క ఎట్టా చెప్పాలా అని నేను నసగతా ఉంటే ఆయనే అన్నాడు, ‘చెప్పు నాయనా, అమ్మేదానికి నీ కాడ ఏం లేదు గదా, నిజం చెప్పేదానికి ఏంది కష్టం’ అని. చెప్పా. ఇంక మేత పోసినకొద్దీ ఖర్చే గాని కౌంట్ దిగదు, అంటే రొయ్య సైజు పెరగదు, ఇప్పుడున్న సైజుకి రేటెంత, వారం మేతకి ఖర్చెంత, రెండూ పక్కపక్కన రాసి ఇచ్చా, పట్టాలా ఉంచాలా అనేది ఆయన్నే తేల్చుకోమన్నా. ఆయన పట్టేశాడు. లాభం రాలేదు, నష్టం కొంచెంలో ఆగింది. గుంట ఎండగట్టి సున్నం ఎట్టా చల్లాలో కూడా మాట్లాడుకున్నాం, ఆ జబ్బు స్పోర్లు (విత్తనాల్లాంటివి) మట్టిలో ఉండిపోతాయి కాబట్టి.

ఇంకో రైతుకి అంతకుముందే ఎవరో ఈహెచ్‌పీకి మందుందని చెప్పి బిల్లు చేసున్నారు, వాళ్ళకి నా మీద కోపం వచ్చింది, అది ఎట్టాగూ వస్తది. చెడ్డ వార్త చెప్పినందుకు, పెద్దాయన మాట మీద నాకు ఇంత మంది రైతులు వస్తారని మాత్రం అనుకోలా. ఆ పెద్దాయన మాట వేరు, ఆయన పదేళ్ళకొకసారి ఒకర్ని మెచ్చుకుంటాడంట.

జూన్, పట్టుబళ్ళు

రెఫరల్ ఎప్పుడు అడగాలనే దాని మీద నాకొక పద్ధతి కుదిరింది. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు అడగను, అప్పుడు రైతు తల నిండా అంకెలుంటాయి. పట్టుబడి రోజు పోతా. పని లేకపోయినా పోతా. తెల్లారకముందే వలలోళ్ళు, ఐసు ఆటో, బ్రోకర్ మనిషి, కాటా, పక్క గుంటల వాళ్ళు, అందరూ గట్టు మీదే ఉంటారు, రైతు మనసు కూడా కొంచెం తేలికపడి ఉంటది. నా గురించి నలుగురికి చెప్పండి అని అడిగితే ‘అట్నేలే’ అంటారు, అంతటితో మర్చిపోతారు. అందుకని ఒక చిన్న పని అడుగుతా: ‘మీ పక్క గుంటాయన రెండో పంటకి సీడ్ ఎప్పుడు వేస్తన్నాడు? వేసేముందు ఒక్క పీసీఆర్ చేయించుకోమనండి, తెల్లమచ్చకీ ఈహెచ్‌పీకీ.’ హేచరీ వాళ్ళూ టెస్టు చేసే ఇస్తారు, అయినా సొంతంగా ఇంకోసారి చూసుకుంటే రైతుకి నిద్ర పడద్ది. అడిగింది ఒక మనిషి గురించి, ఒక టెస్టు గురించి కాబట్టి అప్పటికప్పుడే ‘ఓ అబ్బయా ఇట్రా’ అని కేకేస్తారు. పరిచయం గట్టు మీదే అయిపోద్ది.

ఇప్పుడు బిల్లు బుక్కులో ‘ఎవరు చెప్తే’ గడి నిండతా ఉంది. వలల బ్యాచ్ మేస్త్రి పేరు ఎక్కువసార్లు కనపడతంది, ఆ తర్వాత మోటార్ల అన్న. క్లబ్బు నుంచి మనుషులు తక్కువే గాని వాళ్ళు వారం వారం టెస్టు చేయించే రకం, డబ్బులు కూడా ఫోన్ పేలో టైముకి పడతాయి. క్లబ్బు మెంబర్‌షిప్ కట్టాలా వద్దా అని ఇంకా ఊగతన్నా, ఫీజు తక్కువేం కాదు, అదీగాక సీజన్లో పొద్దున్నే టౌన్‌కి పోవాలంటే శాంపిళ్ళు వచ్చే టైమే అది.

చార్టులు ఎండకి రంగు పోయాయి, నా నంబరు ముందు పోయింది. ఈసారి అంకెలు నలుపులో, పెద్దవి.

జూలై

నిన్న మధ్యాన్నం ఒక ఫీడు డీలరు గారు స్వయంగా వచ్చాడు. నా బోర్డు చూసి మొహం తిప్పుకోని పోయే మనిషి. ఆయన రైతు ఒకాయన మేత బాగలేకనే సైజు రాలేదని, అప్పు కట్టనని కూర్చున్నాడంట. ‘నా ల్యాబులో చేస్తే నమ్మడు, నువ్వు చెయ్యి, నువ్వు మందులమ్మవు గదా’ అన్నాడు. ఫీజు అందరికిచ్చినట్టే ఇయ్యాల, రిపోర్టు మీ ఇద్దరికీ ఒకేసారి వస్తది, ఏం తేలినా మార్చను అన్నా. కాసేపు ఆలోచించి డబ్బులు తీసి పెట్టాడు. శాంపిల్ నేనే పోయి పట్టుకొచ్చా, రైతునీ డీలర్నీ గట్టు మీద నిలబెట్టి ఇద్దరి ముందే బాటిళ్ళకి మూతలు పెట్టి ఇద్దరి చేతా సంతకాలు చేయించా. పీసీఆర్ నడస్తా ఉంది. ‘ఎవరు చెప్తే’ గడిలో డీలరు పేరు రాయాలా రైతు పేరు రాయాలా తెలీక, ప్రస్తుతానికి ఖాళీగా వదిలేశా.